బోధన సహాయ విభాగంలో మార్పు: ప్రణాళికను బొమ్మగా ఎలా గీయాలి?

ప్రశ్న (రాజమహేంద్రవరం నుంచి)
మా విశ్వవిద్యాలయంలో అధ్యాపకులకు బోధనలో తోడ్పడే చిన్న విభాగం నా బాధ్యతలో ఉంది. ఆన్‌లైన్ తరగతుల వేదిక మూడుల్‌లో పాస్‌వర్డులు మార్చడం, కేంద్ర ప్రభుత్వ ‘స్వయం’ ఆన్‌లైన్ కోర్సుల నమోదు, శిక్షణ తరగతుల ఏర్పాట్లు, ఇంతకాలం ఇదే పని. ఇకపై శాఖలతో కూర్చుని కోర్సులను తీర్చిదిద్దాలని మా కోరిక. పెద్ద నివేదిక రాసి పంపితే ఎవరూ తెరిచి చూడలేదు. బొమ్మల రూపంలో అయితే దేనితో మొదలుపెట్టాలి? గాంట్ చార్టు సరిపోతుందా?

జవాబు (కాకినాడ నుంచి)
మేడమ్, గాంట్ చార్టు జోలికి ఇప్పుడే వెళ్లకండి. ఏ పని ఏ నెలలో జరగాలో అది చక్కగా చూపిస్తుంది. ఆ పని ఎవరికి ఇష్టం లేదో, ఎందుకు లేదో చూపించదు. మీకు ముందు తేలాల్సింది అదే.

లాంకాస్టర్ విశ్వవిద్యాలయంలో పీటర్ చెక్‌లాండ్ రూపొందించిన, చిక్కుపడిన పరిస్థితులను పలువురి దృష్టితో అర్థం చేసుకునే సాఫ్ట్ సిస్టమ్స్ పద్ధతిలో ‘రిచ్ పిక్చర్’ అని ఒకటుంది. గోడకు పెద్ద కాగితం అంటించి, ఇప్పుడున్న పరిస్థితిని అందరిచేతా గీయించాలి. పరీక్షల విభాగం, శాఖాధిపతులు, ఒప్పంద అధ్యాపకులు, విద్యార్థులు అందరూ అందులోకి రావాలి. పని ఎక్కడ చిక్కుపడుతోంది, ఎవరికి ఏ భయం ఉంది, అదీ కనబడాలి. గీతలు వంకరగా ఉన్నా ఫరవాలేదు. మేం గీయించినప్పుడు ఒక యువ అధ్యాపకురాలు మా విభాగాన్ని తాళం వేసిన గదిగా గీశారు. ఆ మాట ఏ నివేదికలోనూ ఎవరూ రాయరు! ఆ రోజు చర్చంతా ఆ తాళం మీదే నడిచింది.

తర్వాత మనస్తత్వవేత్త కర్ట్ లెవిన్ చెప్పిన బలాల పటం వేయండి. మధ్యలో నిలువు గీత, ఒకవైపు మార్పును ముందుకు తోసే బాణాలు, మరోవైపు అడ్డుకునేవి. అధికారులు సర్క్యులర్లతో, గడువులతో తోసే బాణాలనే పెంచుతారు, దాంతో ఎదురుతిరగడమూ పెరుగుతుంది. అడ్డంకిని తగ్గించడమే మేలన్నది లెవిన్ వాదన. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వారానికి 16 గంటల బోధన ఉంది. దాని మీద కొత్త కోర్సు తయారీ కూడా మోపితే ఎవరు ముందుకొస్తారు?

జవాబు (అమలాపురం నుంచి)
సార్ చెప్పిన జాబితాలో అనుబంధ కళాశాలల వాళ్లం లేము. ధవళేశ్వరంలో నీరు వదిలినంత మాత్రాన శివారు ఆయకట్టు తడవదు కదండీ. మార్పు ఎవరి ద్వారా మా తరగతి దాకా వస్తుందో మీ పటంలో కనబడాలి. గీశాక చూపించడానికి కాదు, గీసేటప్పుడే మమ్మల్ని పిలవండి.

ప్రశ్న అడిగినవారు
తప్పకుండా పిలుస్తాం. శాఖాధిపతి పక్కనే ఉంటే ఒప్పంద అధ్యాపకులు మనసులో ఉన్నది గీస్తారా?

జవాబు (కాకినాడ నుంచి)
గీయరు. బృందాలను వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టండి, కాగితాల మీద పేర్లు వద్దు. అమలాపురం వారు చెప్పింది నిజం, వాళ్లకూ ఒక బృందం కేటాయించండి. చేతిరాత తెలిసిపోతుందని జంకితే మాటలు రాయొద్దని, బొమ్మలే వేయమని చెప్పండి.