కోబీ ఫేడ్‌అవే రెండు నెలలుగా వేస్తున్నా, బాల్ రిమ్ దాకా వెళ్లట్లేదు

మారతహళ్లి_11:
అందరికీ నమస్తే. మాది ఒంగోలు. బెంగళూరులో, మారతహళ్లి దగ్గర పీజీలో ఉంటాను. హైటు 5.7. రోజూ పొద్దున ఆరింటికి దగ్గర్లోని సిమెంట్ కోర్టులో గంట బాస్కెట్‌బాల్ ఆడి ఆఫీసుకి వెళ్తాను. రెండు నెలల నుంచి కోబీ బ్రయంట్ వీడియోలు చూస్తూ ఫేడ్‌అవే (గాల్లో వెనక్కి వాలుతూ వేసే షాట్) ఒక్కటే ప్రాక్టీస్. ఆయన వాలినట్టే వెనక్కి వాలి వేస్తున్నా. పదిలో ఏడు రిమ్‌ని (బుట్ట రింగుని) కూడా తాకట్లేదు. వారం నుంచి నడుము పట్టేసింది. నా హైటుకి ఇది కుదరదా? వేరే ప్లేయర్‌ని చూసి నేర్చుకోవాలా?

పాతకోర్టు_గుంటూరు:
తమ్ముడూ, ముందు నడుము నొప్పి తగ్గనీ, అప్పటిదాకా ఆ షాట్ జోలికి వెళ్లకు.

నువ్వు కోబీ వాలడం చూస్తున్నావు. అది చివర్లో వచ్చేది, అదీ కొంచెమే. అంతకుముందే భుజంతో డిఫెండర్‌ని ఒక పక్కకి నమ్మించి, రెండో పక్కకి తిరిగి, కాళ్ల బలంతో పైకి లేచి ఉంటాడు. నువ్వు లేవకముందే వాలితే కాళ్ల బలం బాల్‌కి అందదు, భారమంతా నడుము మీద పడుతుంది.

బెంగళూరులోనే హెచ్ఎస్ఆర్ లేఅవుట్‌లో ఆదివారాలు పిల్లలకి నేర్పిస్తుంటా. వాళ్లతో చేయించేది చెప్తా. ఫోన్‌ని వాటర్ బాటిల్‌కి ఆనించి, స్పీడు 0.25లో పెట్టి, స్క్రీన్ పై సగం అరచేత్తో మూసెయ్. బూట్లు మాత్రమే కనపడాలి. ఏ పాదం ఎక్కడ పడిందో చాక్‌పీస్‌తో నేల మీద గీసుకో. బాల్ లేకుండా ఆ గీతల మీద యాభై సార్లు తిరుగు. తర్వాత బాల్ తీసుకుని రిమ్‌కి ఆరడుగుల దూరం నుంచి మొదలుపెట్టు.

చూసి నేర్చుకోవడం తప్పేమీ కాదు. కోబీ 2009లో అమెరికా లీగ్ ఎన్‌బీఏలో నాలుగో టైటిల్ గెలిచాక, ఆ వేసవిలోనే హ్యూస్టన్ వెళ్లి పాతతరం స్టార్ హకీమ్ ఒలాజువాన్ దగ్గర పోస్ట్ మూవ్స్ (రిమ్ దగ్గర డిఫెండర్‌కి వీపు పెట్టి ఆడే ఎత్తులు) నేర్చుకున్నాడు. 2011లో ఫైనల్స్ ఓడిన లెబ్రాన్ జేమ్స్ కూడా ఆయన దగ్గరికే వెళ్లాడు. కాకపోతే హకీమ్ ఏడడుగుల మనిషి, కోబీ 6.6. బాల్ వాళ్ల చేతి నుంచి వదిలే ఎత్తు మనకి రాదు, పాదాలు మాత్రం వస్తాయి. నీ హైటుకి క్రిస్ పాల్‌ని కూడా చూడు, ఆయన ఆరడుగులే. డిఫెండర్‌ని వీపు వెనక అట్టే పెట్టుకుని, తొందర లేకుండా ఫ్రీ త్రో లైన్ కుడి చివరకొచ్చి ఆగి షాట్ వేస్తాడు. ఆ ఆగడం చాలా విలువైనది.

లెఫ్ట్‌వింగ్_వైజాగ్:
పై అన్న చెప్పింది నిజం. ఇంకోటి కూడా చూసుకోండి, ఆ ప్లేయర్ ఏ చేతివాటం? నేను మను జినోబిలీని చూసి యూరో స్టెప్ (ఒక పక్కకి అడుగేసి, వెంటనే రెండో పక్కకి వేసి డిఫెండర్‌ని దాటడం) నేర్చుకున్నా. ఆయనది ఎడమ చేయి, నాది కుడి. మూడు వారాలు అడుగులు తారుమారై, మ్యాచ్‌లో రెండుసార్లు ట్రావెలింగ్ (బాల్ పట్టుకుని ఎక్కువ అడుగులేసిన తప్పు) ఇచ్చారు. వీడియోని అద్దంలో చూసినట్టు తిప్పి చూశాక గానీ దారిలో పడలేదు.

మారతహళ్లి_11:
థాంక్స్ అన్నా, అక్కా. నాలుగు రోజులు ఆగి, నొప్పి తగ్గాక ఇవాళ చాక్‌పీస్ పట్టుకెళ్లా. తిరిగాక కోబీ రెండు బూట్లూ రిమ్ వైపు ఉన్నాయి. నా ఎడమ పాదం గీత మాత్రం ప్రతిసారీ సైడ్ లైన్ వైపు పడుతోంది. రెండు నెలలు అలాగే వేశానన్నమాట. బాల్‌ని ఇవాళ బ్యాగులోంచి తియ్యలేదు. అన్నా, ఆదివారం హెచ్ఎస్ఆర్‌కి ఎన్నింటికి రావాలి?