అప్‌డేట్: టోక్యో నుంచి లాస్ ఏంజెలిస్‌కి ఎన్ని గంటలు?

టోక్యో, లాస్ ఏంజెలిస్ మధ్య దూరం దాదాపు 8,800 కిలోమీటర్లే కదా, వెళ్లేటప్పుడు పది గంటలు, వచ్చేటప్పుడు పన్నెండు గంటలు ఎందుకు చూపిస్తోందని అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. ప్రయాణం అయిపోయింది.

జెట్ స్ట్రీమ్ (బాగా ఎత్తులో పడమర నుంచి తూర్పుకి వేగంగా వీచే గాలి) వల్లే అన్నారు, అక్షరాలా నిజం. పసిఫిక్ మీద చలికాలంలో ఈ పడమటి గాలి మరీ బలంగా ఉంటుంది. వెళ్లేటప్పుడు సీటు ముందున్న స్క్రీన్ మీద భూమితో పోల్చిన వేగం గంటకు 1,100 కిలోమీటర్లు దాటింది. విమానం అసలు వేగం దాదాపు 900, మిగతాదంతా వెనక నుంచి గాలి తోసిందే! తిరుగు ప్రయాణంలో అదే గాలి ఎదురైంది. దాన్ని తప్పించుకోవడానికి కాబోలు, దారి బాగా ఉత్తరానికి వంగింది.

తేదీ విషయంలో మాత్రం బాగా టెన్షన్ పడ్డాను. టోక్యోలో సాయంత్రం 5కి ఎక్కితే అదే రోజు ఉదయం 10కి దిగాను. చలికాలంలో రెండు ఊళ్లకీ 17 గంటల తేడా, టోక్యోనే ముందు. వచ్చేటప్పుడు తేదీ ఒక రోజు ముందుకు జరుగుతుంది కాబట్టి టోక్యోలో హోటల్ బుక్ చేసేవాళ్లు టికెట్ మీద దిగే తేదీ చూసుకోండి.