పాత ఇటుక గోడకి చెమ్మ ఎక్కుతోంది, టైల్స్ వేయించెయ్యమంటారా?

పర్లాకిమిడి నుంచి అడుగుతున్నానండీ. తాతగారి కాలంనాటి ఇల్లు, ఇటుకా సున్నంతో కట్టింది, పైన పెంకులు. వీధి గదిలో నేల నుంచి మూడడుగుల దాకా గోడ చెమ్ముతోంది, వానాకాలం అయితే చెప్పక్కర్లేదు, రంగు బుడగలు లేచి పెచ్చులు ఊడుతున్నాయి, ఆ వెనక తెల్లగా ఉప్పు పిండిలా రాలి స్విచ్‌బోర్డు కింద రోజూ ఊడ్చాల్సొస్తోంది. పోయినేడు సిమెంటు ప్లాస్టరింగ్ చేయించి వాటర్‌ప్రూఫ్ పెయింట్ వేయించాం, ఇప్పుడు చెమ్మ దాని మీదుగా ఇంకా పైకెక్కింది. మేస్త్రి ఏమో టైల్స్ అంటించేద్దాం అంటున్నాడు.

జవాబు (బరంపురం): టైల్స్ మాత్రం వద్దక్కా. పాత ఇళ్లకి పునాది మీద డీపీసీ, అంటే చెమ్మ పైకెక్కకుండా అడ్డేసే పొర, ఉండదు, నేలలో తడిని ఇటుకలు పైకి పీలుస్తాయి, సున్నం పూత ఉంటే అది ఎప్పటికప్పుడు గాలికి ఆరిపోయేది. సిమెంటూ పెయింటూ ఆ దారి మూసేశాయి, అందుకే ఇంకా పైకి పోయింది. టైల్స్ వేస్తే కిటికీ దాకా వెళ్తుంది. ముందు బయటికెళ్లి చూడండి, వీధి నేల మీ గది నేల కంటే ఎత్తుందా?

అడిగినావిడ: ఎత్తేనండీ, సీసీ రోడ్డు మీద మళ్ళీ రోడ్డేశారు, మా అరుగు సగం పూడిపోయింది.

జవాబు (బరంపురం): దొరికింది కదా, అసలు రోగం అక్కడే. రోడ్డు తవ్వలేం గానీ గోడ వెంబడి మీ జాగాలో అడుగు వెడల్పున మట్టి తీసి, గది నేల కంటే కనీసం ఆరంగుళాలు కిందికి దింపి, వాన నీళ్లు కాలవలోకి పోయేలా వాటం పెట్టించండి. లోపల సిమెంటు అంతా చెమ్మ గీత మీద ఇంకో అడుగు దాకా చెక్కించి, ఉప్పుని పొడి బ్రష్‌తో దులపండి, నీళ్లతో కడిగితే మళ్ళీ లోపలికే పోతుంది. తర్వాత ఆరనివ్వాలి, అంగుళం మందానికి నెల అని మోటు లెక్క, కాబట్టి వానలు వెళ్లాక మొదలెడితే ఎండాకాలం చివరికి పూత పెట్టొచ్చు. ఒక పాలు సున్నానికి మూడు పాళ్లు ఇసక, ఏటి ఇసకే సుమా, గోపాలపూర్ వైపు సముద్రపు ఇసక చవగ్గా వస్తుందని తెస్తే ఉప్పుని మీరే గోడలో పెట్టినట్టు. పైన సున్నమే కొట్టించండి, పుట్టీ పెట్టొద్దు.

ఇంకొకరు (గుణుపురం): చెమ్మ చూరు దగ్గర్నుంచి దిగుతుంటే మాత్రం కథ వేరు, పెంకులు జరిగాయేమో చూడండి. 2018 తిత్లీ తుపాను తర్వాత మా వైపు చాలా ఇళ్లకి అదే గొడవ.

అడిగినావిడ: గోడకి కన్నాలు వేసి కెమికల్ ఎక్కిస్తారంట, అది పనిచేస్తుందా?

జవాబు (బరంపురం): చేస్తుంది, నేల దగ్గరి సున్నం అతుకు వరసలో నాలుగేసి అంగుళాలకి ఒక కన్నం వెయ్యాలి. కానీ బయట మట్టి దింపకుండా చేయిస్తే తడి ఆ కన్నాల వరస పైనుంచే గోడలోకి వస్తుంది, డబ్బు దండగ. ఇవన్నీ తర్వాత, ముందు ఆ స్విచ్‌బోర్డు కరెంటు ఆపించి ఎలక్ట్రీషియన్‌కి చూపించండి, తడి గోడతో ఆటలొద్దు.