పాత సెడాన్‌కు సొంత మరమ్మతు: హద్దు ఎక్కడ ఉండాలి?

తార్నాక_సిటీ:

సభ్యులందరికీ నమస్కారం. మా ఇంట్లో 2002లో రిజిస్టరైన హోండా సిటీ వీటెక్ ఉంది. మన దేశంలోకి 1998లో వచ్చిన తొలి తరం సిటీకి 2000లో చేర్చిన 1.5 లీటర్ల వీటెక్ రకం ఇది. ఆ తరం తయారీ 2003లో ఆగిపోయింది కాబట్టి దీని లోతుపాతులు తెలిసిన మెకానిక్‌లు కంపెనీ సర్వీస్ సెంటర్లలో ఏటికేడు తగ్గిపోతున్నారు. రిజిస్ట్రేషన్ గడువు పొడిగించుకున్నాను, హరిత పన్ను కట్టాను, ఇంకొన్నేళ్లు ఈ కారునే నడపాలని నిశ్చయించుకున్నాను.

ఇంజన్ ఆయిలు, ఫిల్టర్లు, స్పార్క్ ప్లగ్గులు ఇప్పటికే నేనే మార్చుకుంటున్నాను. ఇక టైమింగ్ బెల్టు (పిస్టన్ల, వాల్వుల కదలికను జతపరిచే పళ్ల బెల్టు), బ్రేకుల పని కూడా నేర్చుకోవాలని, రాత్రి ప్రయాణాల కోసం హెడ్‌లైట్ల వెలుతురు పెంచాలని ఉంది. మా బావగారు మాత్రం ఆయిలు మార్చడం వేరు, బ్రేకులు విప్పడం వేరని, అక్కడితో ఆగమని గట్టిగా చెబుతున్నారు. సొంతంగా చేసుకునే పనికి హద్దు ఎక్కడ ఉండాలో కారణాలతో సహా చెప్పమని కోరుతున్నాను.

ఆటోనగర్_షెడ్డు:

విజయవాడ ఆటోనగర్‌లో మాకు షెడ్డు ఉంది. మీ బావగారు చెప్పిందే నా మాట కూడా, కూలి పోతుందన్న బాధతో ఇలా అనడం లేదు.

మీ కారు ఇంజన్‌లో టైమింగ్ బెల్టు తెగినా, పళ్లు జారినా పిస్టన్లు పైకి వచ్చే సమయానికి వాల్వులు ఇంకా తెరుచుకునే ఉండి రెండూ ఢీకొంటాయి. వాల్వులు వంగిపోతాయి, ఇంజన్ పై భాగమైన హెడ్డు విప్పక తప్పదు. బెల్టు ఖర్చుతో పోయే పని ఇంజన్ ఖర్చుకు చేరుతుంది. పైగా ఈ ఇంజన్ చాలా ఇంజన్ల మాదిరిగా గడియారపు ముల్లు దిశలో కాకుండా, పుల్లీ వైపు నుంచి చూస్తే దానికి ఎదురు దిశలో తిరుగుతుంది. ఈ సంగతి తెలియనివారు క్రాంకును (ఇంజన్ ప్రధాన ఇరుసును) తప్పు దిశలో తిప్పి బెల్టు బిగువు సరిచూశామనుకుంటారు. క్రాంకు పుల్లీ బోల్టు ఏళ్ల తరబడి బిగుసుకుపోయి ఉంటుంది. దాన్ని విప్పడానికి పుల్లీని కదలకుండా పట్టి ఉంచే ప్రత్యేక పనిముట్టు కావాలి, అది లేనివారు స్క్రూడ్రైవరు అడ్డం పెట్టి ఫ్లైవీలు పళ్లు విరగ్గొట్టిన కార్లు మా దగ్గరికి వస్తుంటాయి.

బ్రేకుల విషయంలో నష్టం మీ ఒక్కరిది కాదు. జెబ్రా గీతల మీద నడిచి వెళ్తున్న మనిషికి మీ సరదాతో సంబంధం లేదు. ఆయిలు, ఎయిర్ ఫిల్టరు, బ్యాటరీ, వైపర్లు, బల్బులు, కూలెంట్ వరకు మీరు చేసుకోండి. అంతకు మించినవి రోజూ అదే పని చేసే చేతులకు వదిలేయడం మంచిది.

కొలత_ముఖ్యం:

పై సభ్యుని అనుభవం మీద నాకు గౌరవం ఉంది, కానీ ఆయన గీసిన హద్దుతో ఏకీభవించలేను. యజమాని చేశాడా, మెకానిక్ చేశాడా అన్నది అసలు ప్రశ్న కాదు. చేసిన పనిని కొలిచి సరిచూసుకున్నారా లేదా అన్నదే ప్రశ్న.

ఒక ఉదాహరణ చూడండి. ఎండాకాలంలో ఇంజన్ వేడెక్కుతోందని పాత కారును షెడ్డుకు తీసుకువెళితే, చాలాచోట్ల థర్మోస్టాట్‌ను (ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్ రేడియేటర్‌కు వెళ్లకుండా ఆపే వాల్వును) తీసి పక్కన పెట్టి, మన ఊళ్ల ఎండలకు ఇది అక్కర్లేదని చెప్పి పంపుతారు. థర్మోస్టాట్ లేని ఇంజన్ చేరాల్సిన వేడికి ఆలస్యంగా చేరుతుంది, హైవే మీద అసలు చేరకపోవచ్చు కూడా. ఇంజన్ ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటరు పెట్రోలు ఎక్కువ పంపుతుంది, సిలిండరు గోడల మీది ఆయిలు పలచబడుతుంది, మైలేజీ పడిపోతుంది, పొల్యూషన్ పరీక్షలో అంకెలు పెరుగుతాయి. ఇంజన్ వేడెక్కడానికి అసలు కారణమేమో రేడియేటర్ గొట్టాలలో పేరుకున్న సున్నపు పొర. కూలెంట్ బదులు బోరు నీళ్లు పోయడం వల్ల, అందులోని కాల్షియం లవణాలు వేడికి గట్టిపడి అంటుకున్న పొర అది. వృత్తిపరుల చేతుల్లో జరిగే ఈ పని కారుకు చేసే మార్పు కాదా? ఈ నష్టం కంటికి కనబడదు కాబట్టి దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

స్పార్క్ ప్లగ్గుల సంగతి కూడా అంతే. సిలిండర్ హెడ్డు అల్యూమినియంది. ప్లగ్గును 18 న్యూటన్ మీటర్ల దగ్గర బిగించి ఆపమని సర్వీసు పుస్తకం చెబుతుంది. బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచ్ కొనుక్కున్న యజమాని ఆ అంకె దగ్గర ఆగుతాడు. చేతి అంచనాతో బిగించేవారు కొన్ని వందల కార్లకు సరిగానే బిగిస్తారు, కానీ మరలు చెడిపోయిన ఆ ఒక్క కారు మనదైతే చేసేదేమీ ఉండదు.

ఇక తెలిసినవారికే వదిలేయాలన్న వాదన ఈ దేశంలో ఎక్కడి వరకు వెళ్లిందో గుర్తు చేయడం అవసరం. 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. విడిభాగాలను, లోపాలు కనిపెట్టే పరికరాలను, సాంకేతిక సమాచారాన్ని బయటి మెకానిక్‌లకు అందనివ్వకపోవడం పోటీని దెబ్బతీయడమేనన్నది ఆ ఉత్తర్వు సారాంశం. దాని మీద అప్పీళ్లు నడిచాయి, ఆ చరిత్రలోకి ఇక్కడ వెళ్లను. ఆటోనగర్ షెడ్లకు సమాచారం అందాలని ఆనాడు ఏ న్యాయం చెప్పిందో, అదే న్యాయం సొంత కారు పుస్తకం చదివి పని నేర్చుకునే యజమానికీ వర్తిస్తుందని నా నమ్మకం.

రవాణా_నిబంధనలు:

మరమ్మతును, మార్పును ఒకే గాటన కట్టి మాట్లాడుతున్నారు. చట్టం దృష్టిలో అవి వేర్వేరు, కాబట్టి వేరు చేసి చూద్దాం.

పాడైన భాగాన్ని తీసి అదే రకం భాగం వేయడం మరమ్మతు. దాన్ని యజమాని చేసుకోకూడదని మోటారు వాహనాల చట్టంలో ఎక్కడా లేదు. మార్పు సంగతి 1988 నాటి ఆ చట్టంలోని 52వ సెక్షన్ చూస్తుంది: తయారీదారు మొదట పేర్కొన్న వివరాలకూ, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకూ తేడా వచ్చేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళకు చెందిన కేసులో ఈ సెక్షన్‌ను కచ్చితంగా అమలు చేయాలని తీర్పునిచ్చింది. అదే ఏడాది చట్ట సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్‌లోని నాలుగో ఉపసెక్షన్ ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఒక్కో మార్పుకు అన్న మాటను గమనించండి. ఇంజన్ మార్చాలన్నా, గ్యాస్ కిట్ పెట్టించాలన్నా, రంగు మార్చినా ఆర్టీఏ కార్యాలయంలో రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదు చేయించుకునే దారి ఉంది. ఆ దారిని తప్పించుకోవడమే నేరం.

దీనికి తోడు బీమా ఉంది. తర్వాత బిగించిన విద్యుత్ పరికరాలను పాలసీలో చూపకుండా ఉంచితే, అగ్నిప్రమాదం జరిగినప్పుడు సర్వేయరు మొదట అడిగేది వాటి గురించే. పదిహేనేళ్లు దాటిన కారుకు రిజిస్ట్రేషన్ పొడిగించేటప్పుడు కారును చూపించాలి కూడా. ఆ రుసుము 2022 ఏప్రిల్ 1న 600 రూపాయల నుంచి 5,000కు, ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో 10,000కు పెరిగింది. అంత కట్టి, గ్యారేజీ మార్పుల వల్ల తనిఖీలో ఆగిపోవడం ఎవరికీ మంచిది కాదు.

తార్నాక_సిటీ:

ఇంత వివరంగా రాసిన ముగ్గురికీ కృతజ్ఞతలు. అయితే హెడ్‌లైట్ల సంగతి తేలలేదు. ఎల్‌ఈడీ బల్బులు కొని పాత హోల్డరులోనే పెట్టుకోవచ్చని స్పేర్ పార్టుల దుకాణంలో చెబుతున్నారు. లేదంటే 100/90 వాట్ల (దూరపు వెలుగుకు 100, డిమ్ముకు 90) హాలోజన్ వేసుకోమంటున్నారు. ఇది మరమ్మతు కిందికి వస్తుందా, మార్పు కిందికి వస్తుందా?

కొలత_ముఖ్యం:

రెండూ వద్దని చెబుతాను. ఆ కాలపు హెడ్‌లైటు లోపలి అద్దాన్ని హాలోజన్ బల్బులోని సన్నని తీగ ఎక్కడ వెలుగుతుందో లెక్కగట్టి తయారుచేశారు. వెలుగు పుట్టే చోటు కొంచెం జరిగినా కాంతి రోడ్డు మీద పడకుండా ఎదురుగా వచ్చేవారి కళ్లలో పడుతుంది. మీకు వెలుతురు పెరిగినట్టే అనిపిస్తుంది, ఎదుటి లారీ డ్రైవరుకు కొన్ని క్షణాల పాటు రోడ్డే కనిపించదు. రెండో దాని సంగతి చూస్తే, 60/55 వాట్ల బల్బులు రెండూ డిమ్ములో కలిపి సుమారు 9 ఆంపియర్లు తీసుకుంటే, 90 వాట్లవి 15 ఆంపియర్లు తీసుకుంటాయి. ఇరవై ఏళ్లు దాటిన వైరు, స్టీరింగు కింది స్విచ్చి ఆ బరువు మోయలేవు. హోల్డరు కరిగి నల్లబడిన వాసనతో గాని విషయం తెలియదు.

మీ కారులో వెలుతురు తగ్గడానికి బల్బు కారణం కాకపోవచ్చు. ఒక మల్టీమీటరు తెచ్చి, ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర ఎన్ని వోల్టులు ఉన్నాయో, లైటు వెలుగుతుండగా బల్బు హోల్డరు దగ్గర ఎన్ని ఉన్నాయో కొలవండి. అక్కడ 13.5 ఉండి ఇక్కడ 12 మాత్రమే అందుతుంటే, పైకి చిన్న తేడాలా కనిపించినా, హాలోజన్ వెలుగు వోల్టేజీ కంటే ఎన్నో రెట్లు వేగంగా పడిపోతుంది కాబట్టి దాదాపు మూడో వంతు వెలుతురును వైర్లే మింగేస్తున్నాయన్నమాట. ముందుగా ఎర్తు వైరు బాడీకి కలిసే చోట తుప్పు గీకి బిగించండి. అప్పటికీ తేడా తగ్గకపోతే బ్యాటరీ నుంచి ఫ్యూజు, రిలే (స్విచ్చి మీద బరువు పడకుండా కరెంటు కలిపే పరికరం) ద్వారా కొత్త వైరు లాగించి, బల్బు మాత్రం తయారీదారు చెప్పిన 60/55 వాట్లదే ఉంచండి. కారు కొత్తగా ఉన్నప్పటి వెలుతురు మీకు తిరిగి వస్తుంది.

రవాణా_నిబంధనలు:

బల్బు వాటేజీ, లైటు ఆకారం మారలేదు కాబట్టి దీని మీద నాకు అభ్యంతరం లేదు. ఫ్యూజు లేకుండా బ్యాటరీ నుంచి నేరుగా వైరు లాగడం మాత్రం ఎవరు చేసినా ప్రమాదమే.

గుంటూరు_ప్రయాణం:

ఒక మాట చేర్చాలి. కారు కిందికి ఉంటే అందమని స్ప్రింగుల చుట్టలు కోయించేవారు, స్పీడ్ బ్రేకర్లకు తగలకూడదని స్ప్రింగు చుట్టల మధ్య రబ్బరు ముక్కలు ఇరికించేవారు ఇద్దరూ చేస్తున్నది ఒకే పొరపాటు. చుట్టలు తగ్గిన స్ప్రింగు మరింత గట్టిపడుతుంది, చక్రం పైకీ కిందికీ ఆడే దూరం తగ్గిపోతుంది, షాక్ అబ్సార్బరు దానికి సరిపోదు. తడి రోడ్డు మీద గుంతలో పడినప్పుడు చక్రం నేలను వదిలేస్తుంది. ఈ పనులు ఇంట్లోనూ వద్దు, షెడ్డులోనూ వద్దు.

ఆటోనగర్_షెడ్డు:

థర్మోస్టాట్ గురించి రాసింది నిజమే. మా షెడ్డులో తీసేయము, కానీ తీసేసిన కార్లను చూస్తూనే ఉంటాం. నకిలీ థర్మోస్టాట్‌లు మూసుకుపోయి ఇంజన్లు కాలిపోయిన తర్వాతే ఆ అలవాటు పుట్టిందని మాత్రం గుర్తుంచుకోవాలి. సికింద్రాబాద్ రాణీగంజ్‌లో కొన్నా, మా ఆటోనగర్‌లో కొన్నా, పాత కారుకు పనితనం ఎంత ముఖ్యమో అసలు విడిభాగం దొరకడమూ అంతే ముఖ్యం. డబ్బా మీద పేరును బట్టి కాకుండా, పాత భాగాన్ని పక్కన పెట్టి, దాని మీద చెక్కిన నంబరుతో పోల్చి కొనండి.

బ్రేకుల మీద నా అభిప్రాయం పూర్తిగా మారలేదు. బ్రేక్ ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకానికి కొత్తగా ఉన్నప్పుడు మరిగే ఉష్ణోగ్రత కనీసం 230 డిగ్రీలు ఉండాలి, తేమ చేరాక కనీసం 155 ఉంటే చాలని ప్రమాణం. ఘాటు రోడ్డు దిగేటప్పుడు ఆ తేడాయే ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే రెండేళ్లకోసారి మార్చాలన్న మాటలో ఎవరికీ వాదం లేదు. ఆయిలు మార్చాక బ్రేకు గొట్టాల్లోని గాలిని ఇంట్లో తీసేవారు బ్రేకు పెడలును పూర్తిగా నేల వరకు తొక్కుతారు. పెడలు తొక్కగానే ఆయిలును నెట్టే మాస్టరు సిలిండరు పాతదైతే, అందులో పిస్టను రోజూ వెళ్లని చోట తుప్పు పేరుకుని ఉంటుంది, సీళ్లు దాని మీదుగా జారి చిరిగిపోతాయి. పెడలు కింద చెక్క ముక్క పెట్టి సగం వరకే తొక్కాలని పుస్తకం చదివితే రాదు, ఒకరు పక్కన నిలబడి చెప్పాలి. మీరు నేర్చుకోవద్దని నేను అనను. మొదటిసారి ఒంటరిగా వద్దంటున్నాను.

ఇంకొక మాట కూడా మనసులో పెట్టుకోండి. అపార్టుమెంటు పార్కింగులో కారుతో వచ్చిన జాకీ మీద కారును నిలబెట్టి కిందికి దూరవద్దు, ఇటుకలు పేర్చి అసలే వద్దు. చదునైన గచ్చు మీద జాకీ స్టాండ్లు పెట్టి, వెనుక చక్రాలకు అడ్డు వేసిన తర్వాతే పని మొదలుపెట్టండి. తీసిన పాత ఆయిలును మురికి కాలువలో పోయకుండా డబ్బాలో పట్టి దగ్గరలోని షెడ్డుకు ఇస్తే, పాత ఆయిలు కొనేవారికి అది చేరుతుంది.

తార్నాక_సిటీ:

మీ వాదనలన్నీ మా బావగారికి చదివి వినిపించాను. హెడ్‌లైట్ల వోల్టేజీ కొలిచి ఎర్తు శుభ్రం చేయడం నేనే చేస్తాను. బ్రేక్ ఆయిలు మార్పు తెలిసిన మెకానిక్ పక్కనుండగా నా చేతులతో చేస్తాను, బావగారు దానికి ఒప్పుకున్నారు. టైమింగ్ బెల్టు మాత్రం ఈసారి షెడ్డులోనే వేయిస్తాను, పక్కన నిలబడి చూస్తాను. చూస్తున్నప్పుడు దేని మీద దృష్టి పెట్టాలో చెప్పగలరా?

ఆటోనగర్_షెడ్డు:

మూడు విషయాలు చూడండి. మీ ఇంజన్‌లో వాటర్ పంపును తిప్పేది కూడా టైమింగ్ బెల్టే. పంపు లీకైతే మళ్లీ అంతా విప్పాలి కాబట్టి బెల్టుతో పాటు పంపు, బెల్టును బిగువుగా ఉంచే టెన్షనర్ బేరింగు, క్యామ్ (వాల్వులను తెరిచే ఇరుసు), క్రాంకు ఆయిల్ సీళ్లు కూడా మార్పించండి. బెల్టు ఎక్కించాక మెకానిక్ స్టార్టరు కొట్టకుండా క్రాంకును చేత్తో ఎదురు దిశలో ఐదారు చుట్లు తిప్పి, పుల్లీల మీది గుర్తులన్నీ తిరిగి కలిశాయో లేదో మీకు చూపించాలి. టెన్షనర్ బోల్టు వదులు చేసి, క్యామ్ పుల్లీ మీద మూడు పళ్ల మేర అదే దిశలో తిప్పి, అప్పుడు బోల్టు బిగించాలి. ఈ మూడు పళ్ల పద్ధతి తెలియనివారు బెల్టును వేలితో నొక్కి చూసి సరిపోయిందంటారు. అలా అంటే పని అక్కడికి ఆపించి, సర్వీసు పుస్తకంలో ఆ పేజీ తెరిచి వారి ముందు పెట్టండి.