మందు మానేసినంక మాపటికి వచ్చే బుగులు: ఎట్ల తట్టుకున్నరు?

కొత్తపొద్దు (హన్మకొండ):
అన్నలకు, అక్కలకు నమస్తే. దసరా నాడు తాగిందే ఆఖరు, మళ్ల ముట్టలే. మొదట్ల చేతులు వణికినయ్, చెమటలు పట్టినయ్, అన్నం చూస్తేనే కడుపుల తిప్పింది. అవన్నీ తగ్గినయ్. తగ్గనిది బుగులే. మోటార్ల వైండింగ్ పని నాది. చేతుల పని ఉన్నంతసేపు ఏం తెల్వది. 6 కొట్టంగనే ఛాతీల ఏదో బిగవట్టినట్టయితది. ఫోన్ మోగితే ఎవలకేమైందో అనిపిస్తది. బాకీలోళ్లు, బిడ్డ ఫీజు, అన్నీ ఒక్కసారే మీదికొస్తయ్. 12కు కన్నంటుకుంటే 3కే మెలకువ, గుండె దడదడ. ఒక్క క్వార్టర్ వేస్తే ఇదంత పోతదని నాకు తెలుసు, అందుకే ఇంక భయమైతుంది. ఎన్ని రోజులుంటది ఇది? మీరేం చేసిన్రు?

రైలుగడియారం (కాజీపేట):
తమ్మీ, ముందుగాల ఒకటి చెప్పు. ఫిట్స్ గిట్ల వచ్చినయా? లేనోళ్లు కనిపించుడు, గోడ మీద పురుగులు పాకినట్టు అనిపించుడు, ఏ ఊర్ల ఉన్నవో సోయి లేకపోవుడు? అట్లాంటిదేమన్న ఉంటే ఇక్కడ రాసుకుంట కూసోవద్దు, ఇంట్లోళ్లను తీసుకొని దవాఖానకు పో.

అవేం లేకుంటే విను. నేను మానేసి చానా ఏండ్లాయె, ఆ మొదటి నెల మాత్రం ఇంక యాదికుంది. డ్యూటీ దిగినంక ఇంటికి పోయే బాట మీదనే వైన్స్ ఉండె. బాట మార్చిన, దూరమైనా సరే. బుగులు మొదలైతే స్టేషన్ అవతల నిలబడి బొగ్గు గూడ్స్ డబ్బాలు లెక్కపెట్టేటోణ్ణి. ఒక్కో బండికి యాభై పైనే ఉంటయ్. మధ్యల మనసు ఎటన్న పోతే లెక్క తప్పుతది, మళ్ల పట్టుకునేది. బండి దాటిపోయేసరికి ఊపిరి కొంచెం కిందికి దిగేది. తాగాలన్న గుంజుడు గంటలు గంటలు ఒక్క తీరుగ ఉండది. ఎక్కుతది, ఒక ఇరవై, ముప్పై నిమిషాలల్ల దిగుతది. దిగుతదని ఒక్కసారి నీ కండ్లతోటి చూసినవంటే రెండోసారికి ధైర్యమొస్తది.

నర్సక్క (వరంగల్):
నేను సర్కారు దవాఖానలో మానసిక వైద్య వార్డులో చేస్తాను. తమ్ముడూ, నీ బుగులుకు కారణం నీ పిరికితనం కాదు. మందు మెదడులో నెమ్మది తెచ్చే గాబా అనే రసాయనం పనిని పెంచుతుంది, ఉద్రేకం తెచ్చే గ్లుటమేట్‌ను అణుస్తుంది. రోజూ తాగేవాళ్ల మెదడు దానికి ఎదురు బలం పెట్టడం నేర్చుకుంటుంది. తలుపు అవతలివాడు నెడుతుంటే మనం ఇటు నుంచి నెడతాం. వాడు ఒక్కసారిగా తప్పుకుంటే మనం ముందుకు తూలిపడతాం కదా, మందు ఆపినప్పుడు మెదడుకు జరిగేది అదే. మళ్లీ నిలదొక్కుకోవడానికి దానికి టైం కావాలి.

వణుకు, చెమట, గాబరా చివరి గ్లాసు తర్వాత 6 నుంచి 24 గంటల్లో మొదలవుతాయి. ఫిట్స్ ప్రమాదం ఎక్కువగా మొదటి 48 గంటల్లో ఉంటుంది. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి సోయి తప్పి, మనుషుల్ని గుర్తుపట్టలేని స్థితి వస్తుంది. డెలీరియం ట్రెమెన్స్ అంటారు దాన్ని. వైద్యం అందకపోతే ప్రాణం పోతుంది. నువ్వు ఆ రోజులు దాటేశావు. ఇప్పుడున్న గాబరా చాలామందికి కొన్ని వారాల్లో తగ్గుతూ పోతుంది, నిద్ర కుదురుకోవడానికే ఇంకా ఎక్కువ పడుతుంది. నెల దాటినా గాబరా ఇలాగే ఉంటే, తాగుడుకు ముందు నుంచే గాబరా జబ్బు ఉందేమో డాక్టర్ చూడాలి. దానికి వేరే వైద్యం ఉంది.

ఛాతీ బిగపట్టడం అన్నావు కాబట్టి అంతా గాబరానే అని నువ్వే తేల్చుకోకు. ఒక్కసారి ఈసీజీ తీయించుకో. తాగేవాళ్లలో బి1 విటమిన్, అంటే థయమిన్, తగ్గిపోతుంది. అదీ అడుగు. మెడికల్ షాపులో అడిగి అల్ప్రాజోలం అనే మత్తు మాత్ర మాత్రం కొనుక్కోవద్దు. ఈ పూటకు హాయిగా ఉంటుంది, తర్వాత దాన్ని మానడం ఇంకో యుద్ధం.

నైట్‌షిఫ్ట్ (గోదావరిఖని):
అక్క చెప్పిన ఆఖరి మాటకు నేనొకటి కలుపుత. మందు మానేస్తనని ఒట్టు పెట్టుకున్నోళ్లు మా కాడ చానామంది కల్లు దిక్కు పోతరు. "కల్లు చెట్టు నుంచి వచ్చేదే కదా, చలువ చేస్తది" అంటరు. నిజంగ చెట్టు నుంచి దిగిన కల్లు వేరు, కాంపౌండ్ల పోసే కల్లు వేరు. దాంట్ల అల్ప్రాజోలం, డయాజెపాం అనే మత్తు గోలీలు కలుపుతరని ఎన్ని కేసులు కాలేదు? 2015ల కల్తీ కల్లు మీద దాడులు చేస్తే, నిజామాబాద్ దిక్కు, మహబూబ్‌నగర్ దిక్కు కల్లు దొరకక మనుషులు మెడలు వంకర పోయి, ఏదేదో మాట్లాడుకుంట దవాఖానలకు వచ్చిన్రు. 2025ల కామారెడ్డి జిల్లాల గూడ కల్తీ కల్లు తాగి మనుషులు దవాఖాన పాలైన్రు. బుగులు తగ్గిందని రోజూ సీసా కల్లు తాగేటోనికి తగ్గించింది చెట్టు కాదు, గోలీ. ఇది మా దోస్తుల ఇండ్లల్ల కండ్లార చూసి చెప్తున్న.

ఇంకోటి తమ్మీ, చాయ్ ఎన్ని తాగుతున్నవ్? షిఫ్టుల నిద్ర ఆపుకోనీకి మేం చాయ్ మీద చాయ్ కొడ్తం. మందు లేని చేతికి చాయ్ గ్లాసు వస్తది. గుండె దడకు అది గూడ ఒక కారణమే. మధ్యాహ్నం దాటినంక చాయ్ బంద్ పెట్టి చూడు.

మొండిపట్టు (మంచిర్యాల):
ఇన్ని ముచ్చట్లు ఎందుకు? కార్తీకం రాంగనే అయ్యప్ప మాల వేసుకో. 41 రోజులు ముట్టకుంటే అదే పోతది. గోలీలు మొదలు పెడ్తే ఇంక అదో అలవాటు. మనసు గట్టిగుండాలె.

నర్సక్క (వరంగల్):
మాల మంచిదే అన్నా, నేను కాదనను. తెల్లవారుజామున స్నానం, సాయంత్రం పూజ, భజన, పక్కన పది మంది స్వాములు. సరిగ్గా మందు గుర్తొచ్చే వేళనే అది పట్టుకుంటుంది. కానీ ఏళ్ల తరబడి రోజూ తాగేవాళ్లు మాల వేసుకున్న పొద్దే ఒక్కసారిగా ఆపేసి, రెండో రోజో మూడో రోజో ఫిట్స్‌తో వార్డుకు వస్తారు. ఒంటి మీద నల్లబట్టలతోనే స్ట్రెచర్ మీద పడుకోబెడతాం. మనసు ఎంత గట్టిదైనా ఫిట్స్‌ను ఆపలేదు. ఫిట్స్ రాకుండా మేమిచ్చే క్లోర్‌డయాజెపాక్సైడ్ లాంటి మాత్రలు కొద్ది రోజులే, రోజురోజుకూ తగ్గిస్తూ ఆపేస్తాం, అది కూడా డాక్టర్ చూస్తుండగా. అలవాటయ్యేంత కాలం ఇవ్వం.

బతుకమ్మపూలు (జనగామ):
మా ఆయన మానేసి రెండు బతుకమ్మలు దాటినయ్. ఆయనను అడిగే రాస్తున్న. అప్పట్ల 6 దాటిందంటే ఇంట్ల అందరికి బుగులే. నేను దగ్గరికి పోయి నోరు వాసన చూసేదాన్ని. ఆయన తాగకపోయినా చెమటలు పట్టేటియి. మా అత్తమ్మ ఒకనాడు నన్ను పక్కకు పిలిచి "అడుగుడు ఆపు బిడ్డా, అన్నం పెట్టు" అన్నది. ఆ మాట పట్టుకున్న. 5:30కే బొబ్బర్ల గుడాలో, మక్క గట్కనో కడుపు నిండ పెట్టేదాన్ని. ఆకలైనప్పుడే ఆయనకు గుంజుడు ఎక్కువ ఉంటుండె. తిన్నంక పిల్లగాని ఎక్కాలు ఆయనకే అప్పజెప్పిన.

రాత్రి లేచి "నాకేదో అయితుంది" అనేటోడు. "ఏం కాదు, పండు" అంటే కోపమొచ్చేది. అరుగు మీద పక్కన కూసొని, వీపు మీద చెయ్యేసి "నేనిక్కడనే ఉన్న" అంటే నిమ్మళమయ్యేది. మెల్లమెల్లగ ఊపిరి పీల్చి, పీల్చిన దానికంటే ఎక్కువసేపు విడిచిపెట్టమని దవాఖానల చెప్పిన్రు. ఇద్దరం కలిసి చేసేది.

తాగుడు మాన్పిస్తదని అన్నంల ఏదో పొడి కలిపి పెట్టమని వాడకట్టోళ్లు చెప్పిన్రు. నేను కలపలే. అక్కా, అది మంచిదేనా?

నర్సక్క (వరంగల్):
చెల్లే, కలపకపోవడమే నీ ఇంటికి మేలు చేసింది. ఆ పొడుల్లో ఏముంటుందో ఎవరూ చెప్పరు. డైసల్ఫిరామ్ అనే మాత్ర ఉంది, అది వేసుకున్న మనిషి తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోతుంది. ఆయనకు తెలియకుండా పెడితే ప్రాణం మీదికి వస్తుంది. తాగేవాడికి తెలిసి, ఒప్పుకొని, డాక్టర్ చేతుల మీదుగానే అది వాడాలి. గుంజుడు తగ్గించడానికి నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ అని వేరే మాత్రలు కూడా ఉన్నాయి.

కొత్తపొద్దు (హన్మకొండ):
అందరికి దండాలు. ఫిట్స్ గిట్ల ఏం రాలే రైలన్నా. చాయ్ సంగతి పట్టుకున్నవ్ నైట్‌షిఫ్టన్నా, షాపు పక్కనే బండి ఉంటది, ఎన్ని తాగుతనో లెక్కనే లేదు. ఇగ మధ్యాహ్నంతోటి ఆపుతున్న. ఎంజీఎం దవాఖానల మానసిక వైద్యుల ఓపీకి పోదామనుకుంటున్న, కానీ తెలిసినోళ్లు చూస్తే పిచ్చి లేసిందంటరని సిగ్గైతుంది. పోకముందు ఎవరితోనన్న మాట్లాడొచ్చునా?

రైలుగడియారం (కాజీపేట):
తాగి బజార్ల పడ్డప్పుడు చూసినోళ్లు లేరా తమ్మీ? ఓపీ లైన్ల నిలబడుడు దానికంటే వెయ్యి రెట్లు గౌరవం. ముందుగాల మాట్లాడాల్నంటే 14416కు చెయ్యి, టెలి మానస్ అనే సర్కారు మానసిక సాయం లైన్ అది, 2022 నుంచి ఉంది, పైసలు కావు, తెలుగుల మాట్లాడుతరు. మత్తు మాన్పించేటందుకే 14446 గూడ ఉంది. ఇంక ఆల్కహాలిక్స్ అనానిమస్ అని, తాగుడు మానాలనుకునేటోళ్లు కలిసి కూసొని మాట్లాడుకునే సంఘం ఉంటది. 1935ల అమెరికాల ఇద్దరు తాగుబోతులు ఒకరినొకరు పట్టుకొని నిలబడ్డంక మొదలైంది. ఫీజు లేదు, మానాలన్న కోరిక ఉంటే చాలు, ఇంటిపేరు అడగరు. నేను నిలబడ్డది ఆడనే. పోయే ముందు సమయం, జాగ ఫోన్ చేసి కనుక్కో.

కొత్తపొద్దు (హన్మకొండ):
ఓపీకి పోయొచ్చిన. ఈసీజీ బాగుంది. బీపీ కొద్దిగ ఎక్కువుంది, మళ్ల చూస్తమన్నరు. బి1 గోలీలు రాసిన్రు. నిద్ర కోసం మత్తు గోలీలు అడిగితే ఇవ్వలే, తెల్లారి ఒక్కటే టైంకు లేవమన్నరు, మధ్యాహ్నం పండుకోవద్దన్నరు. నిన్న మాపటికి భద్రకాళి చెరువు కట్ట మీద నడిచిన. బుగులు వచ్చింది. నడుచుకుంటనే ఉన్న, ఇంటికొచ్చేసరికి సగం తగ్గింది. నా భార్యకు ఈ రాతలన్నీ చదివి వినిపించిన.

మానేరు (కరీంనగర్):
ఇప్పుడే చదివిన. మా నాయిన రోజు పొద్దుగాలనే మొదలు పెడ్తడు. తాగకుంటే చేతులు వణుకుతయ్. వచ్చే వారం మాల వేసుకుంటనంటున్నడు. ఏం చెయ్యాలె?

నర్సక్క (వరంగల్):
పొద్దున్నే తాగాల్సి వస్తోందంటే ఒంటికి బాగా అలవాటు పడిందని అర్థం. ఇంట్లో ఒక్కసారిగా ఆపించవద్దు. మాలకు ముందే దగ్గరున్న పెద్ద దవాఖానకు తీసుకుపో. రోజూ ఎంత తాగుతాడు, చివరిసారి ఎప్పుడు తాగాడు, గతంలో ఫిట్స్ వచ్చాయా, షుగర్ ఉందా, ఈ నాలుగూ కాగితం మీద రాసుకొని డాక్టర్‌కు చూపించు. అడ్మిట్ చేయాలంటే ఒప్పుకో. ఆ కొద్ది రోజులు దాటాక మాల నిశ్చింతగా వేసుకోవచ్చు.