దవడ నొప్పితో వచ్చేవారిని పాత హింస గురించి ఎలా అడుగుతున్నారు?

డెంటిస్టులకు, ఫిజియోథెరపిస్టులకు, కౌన్సెలర్లకు ఈ ప్రశ్న.

మూడు నెలలు దాటిన నొప్పి. ఎక్స్‌రేలో ఏమీ లేదు, నోరు 40 మిల్లీమీటర్ల దాకా తెరుచుకుంటోంది. చెంప కండరాన్ని సుమారు కిలో ఒత్తిడితో రెండు సెకన్లు నొక్కితే మాత్రం "ఆ, ఇదే నొప్పి" అంటారు. ఇలాంటివారిలో కొందరికి వెనక హింస ఉంటుంది. దవడకు దెబ్బ తగిలి కీలులో డిస్కు (ఎముకల మధ్య మెత్తలాంటిది) జరిగితే ఎమ్మారైలో దొరుకుతుంది. ఎప్పుడూ అప్రమత్తంగా ఉండే ఒంటి వల్ల పగలంతా పళ్లు బిగించడం, నిద్ర చెడటం, నొప్పి పెరగడం మాత్రం అడిగితేనే బయటపడతాయి. అలాగని దవడ నొప్పి ఉన్న ప్రతివారికీ హింస అంటగట్టకూడదు. "అంతా మనసులోనే" అనడం మరీ అన్యాయం.

అడగడం ఫారంలో మేలా, నోటితోనా? తోడొచ్చిన మనిషే కొట్టినవాడైతే? అతన్ని అనుమానం రాకుండా బయట కూర్చోబెట్టడానికి ఏమంటారు?

రెండో చిక్కు స్ప్లింట్, అంటే రాత్రి పళ్లకు తొడిగే తొడుగు. కుర్చీ వాల్చి, పళ్ల కొలత తీసే ట్రే నోట్లో పెట్టగానే కొందరు బిగుసుకుపోతారు, ఓకరింతలో కొలత చెడుతుంది. కుర్చీ నిలువుగా ఉంచడం, చెయ్యెత్తగానే ఆపడం, ట్రే బదులు స్కానర్ కొంత పనిచేస్తున్నాయి. ముందు పళ్లకే తొడిగే చిన్న స్ప్లింట్ సులువే గానీ ఎక్కువకాలం వాడితే కాటు (పై, కింది పళ్లు కలిసే తీరు) మారుతుంది. కింది వరసకు పూర్తి స్ప్లింట్ చేసినవారుంటే, ఇలా బిగుసుకుపోయేవాళ్లు దాన్ని రాత్రంతా ఉంచుకోగలుగుతున్నారా?