'తుంబావ్'కు తెలుగు: వయ్యారమా, ఠీవియా, నడకా?

క్యూబా గాయని సెలియా క్రూస్ 2001లో చేసిన సల్సా (క్యూబా బాణీల మీద నిలిచిన నాట్య సంగీతం) ఆల్బమ్ 'లా నెగ్రా తియెనె తుంబావ్' పేరును తెలుగులో ఏమనాలని నిన్న మన గ్రూపులో ఒక మిత్రుడు అడిగారు. స్పానిష్‌లో మాటకు మాట చెబితే 'నల్లపిల్లకు తుంబావ్ ఉంది' అని. ఇప్పటికే నాలుగైదు సూచనలు వచ్చాయి. 'నల్ల వయ్యారి' అని ఒకరు, 'నల్లపిల్ల ఠీవి' అని మరొకరు. 'గజగమన' అన్న పెద్దాయన మీద గౌరవమే గాని, ఆ మాట వినగానే ప్రబంధ నాయిక ప్రత్యక్షమవుతుంది, హవానా వీధిలో నడిచే స్త్రీ ఎక్కడికో తప్పుకుంటుంది. నా ఓటు 'నడక'కు. ఎందుకో కాస్త వివరంగా చెబుతాను.

ముందు ఉచ్చారణ సంగతి. కొందరు 'టుంబావో', 'క్రూజ్' అని రాస్తున్నారు. అది ఇంగ్లీషు మీదుగా వచ్చిన అలవాటు. స్పానిష్‌లో మన 'త' లాంటి దంత్యమే ఉంది, 'ట' లేదు. చివరి అక్షరానికి కరీబియన్ నోట 'స్' తప్ప 'జ్' పలకదు. కాబట్టి తుంబావ్, క్రూస్. ఈ విషయంలో మన లిపి ఇంగ్లీషు కన్నా నయం, వాడుకుందాం.

ఇక మాట పుట్టుక. 'తుంబార్' అంటే పడగొట్టడం. దాని నుంచి వచ్చిన రూపం 'తుంబాదో'. క్యూబా వాళ్ల వాడుకలో రెండు అచ్చుల మధ్య 'ద' నిలవదు, జారిపోతుంది. అలా 'తుంబావ్' అయింది. ఆల్బమ్‌లో ఇదే పేరుతో ఉన్న పాటలో దీనికి జతగా వచ్చే అంత్యప్రాసలు చూడండి: పక్క అని అర్థమిచ్చే 'లాదో' అక్కడ 'లావ్', బిగుతుగా అని చెప్పే 'అప్రెతాదో' అక్కడ 'అప్రెతావ్'. నిఘంటువు రూపాలతో పాడినా ప్రాస కుదురుతుంది, కానీ ఊరు మారిపోతుంది. 'వచ్చినాడు' అని రాసే చోట 'వచ్చాడు' అనడం లాంటిదే ఇది. సెలియా 1960లో సొనొరా మతన్సెరా బృందంతో మెక్సికో వెళ్లారు. మళ్లీ క్యూబాలో కాపురం ఉండలేదు. నలభై ఏళ్ల తరువాత, 75 నిండాక, ఆల్బమ్ అట్ట మీద పేరుగా నిలిచింది మాత్రం హవానా పలుకే.

అసలు కథ సంగీతంలో ఉంది. సల్సా వాయించేవాళ్లకు తుంబావ్ అంటే బేస్ అనే మంద్రస్థాయి తీగవాద్యం గాని కాంగా డోలు గాని పాట పొడుగునా తిప్పి తిప్పి వాయించే వరుస. క్యూబాలో పియానో వరుసను కూడా ఇలాగే అంటారు. కాంగాకు అక్కడి పేరు 'తుంబదోర', వాటిలో పెద్దదాన్ని 'తుంబ' అంటారు.

వినడానికి ఒక దారి చెబుతాను. 'తక దిమి తక ఝణు' అనుకోండి, ఎనిమిది అక్షరాలు, రెండేసి అక్షరాలకు తాళంలో ఒక దెబ్బ. కాంగా మీద ఎడమచేయి మణికట్టు వైపు అరచేతితో 'త', వేళ్లతో 'క' నొక్కినట్టు వాయిస్తుంది. 'ది' దగ్గర కుడిచేయి చెళ్లున చరుస్తుంది. 'మి తక' మళ్లీ ఎడమచేతి గొణుగుడే. 'ఝణు' దగ్గరకు వచ్చేసరికి కుడిచేయి రెండు తెరిచిన దెబ్బలు వేస్తుంది, డోలు గొంతు విప్పేది అక్కడే. బేస్ ఇంకా చిత్రం. అది 'మి' మీద, 'ఝ' మీద మాత్రమే పలుకుతుంది. 'ఝ' మీద మీటిన తీగ మోత తరువాతి ఆవర్తంలోని 'త' మీదుగా సాగిపోతుంది. అంటే మనం కాలు నేల మీద మోపి లెక్క మొదలుపెట్టే చోట బేస్ కొత్తగా ఏమీ పలకదు, అప్పటికే ముందుకు ఒరిగి ఉంటుంది. వినేవాడి నడుము కదలడానికి ఆ ఒరుగుడే కారణం.

ఇక్కడ మన సంగీతంలోని అతీత, అనాగత గ్రహాలు గుర్తుకొస్తాయని ఒక సంగీతం మాస్టారు రాశారు. తాళానికి ముందో వెనకో ఎత్తుగడ ఉండటం వరకు పోలికే. అయితే గ్రహం పాట ఎక్కడ ఎత్తుకోవాలో చెబుతుంది, తుంబావ్ అడుగున ఆగకుండా తిరిగే వరుస. రెండింటినీ కలిపేస్తే మన వాళ్లకూ వాళ్లకూ ఇద్దరికీ చిక్కే.

వాద్యం మీద ఉన్న ఈ మాటను క్యూబా జనం మనిషి నడక మీదకు తెచ్చారు. తుంబావ్ ఉన్న మనిషి అంటే నడిచే తీరులోనే ఒక లయ, ఒక ధీమా కనబడే మనిషి. పాటలోని స్త్రీ అలా నడుస్తుంది, పక్కదారుల పోదు. 'వయ్యారం' అంటే చూసేవాడి కన్ను ముందుకొస్తుంది, లయ పోతుంది. 'ఠీవి'లో ధీమా ఉంది గాని అది కూర్చున్నవాడికీ ఉంటుంది. 'నడక' దగ్గర మాత్రం తెలుగు మనకు ముందే దారి వేసి పెట్టింది. కర్ణాటక సంగీతంలో తిశ్ర నడక, ఖండ నడక అంటాం. ఛందస్సు గురించి మాట్లాడుతూ ఉత్పలమాల నడక వేరు, సీసం నడక వేరు అంటాం. గణాలు సరిగ్గా పడినా చదవడానికి సాగని పద్యాన్ని చూసి 'దీనికి నడక లేదు' అని పెదవి విరుస్తాం. పద్యానికి నడక ఉంటుందనగలిగిన భాషలో 'ఆ పిల్లకు నడకుంది' అనడానికి అడ్డేమిటి? అందరూ నడుస్తారు కదా అంటారేమో. అందరికీ గొంతు ఉంటుంది, అయినా బాగా పాడేవాళ్ల గురించే 'ఆమెకు గొంతుంది' అంటాం. స్పానిష్ 'తియెనె' కూడా ఇదే పని చేస్తోంది, 'ఉంది' అనడమే మెప్పు.

అందుకని నా అనువాదం: 'నల్లపిల్లకు నడకుంది'. న-కారాలు కలిసి రావడం కొసరు.

'నల్లపిల్ల' మీద అభ్యంతరం రావచ్చు. 'నెగ్రా' అంటే రంగు ఒక్కటే కాదు, జాతి కూడా. పైగా క్యూబాలో ముద్దుగానూ పిలుస్తారు. 'నల్లజాతి మహిళ' అంటే పత్రికా ప్రకటన అవుతుంది. 'నల్లనివాడు పద్మనయనంబులవాడు' అని పోతన గోపికలు వెతికిన భాష మనది, ఆ మాటను మురిపెంగా అనడం మనకు కొత్త కాదు. జాతి అర్థం కొంత జారిపోతుందని ఒప్పుకుంటూనే దీన్ని ఉంచుతాను.

ఒక సభ్యురాలి ప్రశ్న: బాగుందండీ. మరి ఆ పాటలో మధ్య మధ్య సెలియా 'అసూకర్!' అని కేక వేస్తారు కదా, దానికి కూడా తెలుగు చేయాలా?

జవాబు: వద్దండీ, నా మాట వింటే అలాగే వదిలేయండి. అసూకర్ అంటే చక్కెర. మయామీలో ఒక భోజనశాలలో కాఫీలో చక్కెర వేయాలా అని వెయిటర్ అడిగితే, క్యూబా కాఫీ ఎంత చేదో తెలిసిన క్యూబా వాడివే, ఇదేం ప్రశ్న, 'అసూకర్!' అన్నారట సెలియా. ఆ ముచ్చటను ఆమె వేదికల మీద చెబుతూ వచ్చారు. పోనుపోను కథ పోయి కేక మిగిలింది. క్యూబాలో చెరకు తోటల్లో చాకిరీ చేసింది ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలు. అక్కడ బానిసత్వం రద్దయింది 1886లో. కాబట్టి నల్లజాతి గాయని నోట ఆ మాటకు తీపితో పాటు బరువు కూడా ఉంది. 2024లో ఆమె బొమ్మతో వచ్చిన అమెరికా పావు డాలరు నాణెం మీద కూడా ఆ కేకనే చెక్కారు.

మాటగా చూస్తే మాత్రం మనకు చుట్టమే. సంస్కృత 'శర్కర' పారశీకం మీదుగా అరబిక్‌కు వెళ్లి 'సుక్కర్' అయింది, ముందు అరబిక్ ఉపపదం (ఇంగ్లీషు 'ద' లాంటి మాట) అతుక్కుని స్పెయిన్‌లో 'అసూకర్' అయింది. అదే 'శర్కర' ప్రాకృతం దారిన మన 'చక్కెర' అయింది. చుట్టరికం ఉంది కదా అని పాట మధ్యలో 'చక్కెర!' అని అరిస్తే కిరాణా కొట్టులో సరుకుల చీటీ చదివినట్టుంటుంది. పాట కింద వేసే సబ్‌టైటిల్‌లో 'అసూకర్!' అనే పెట్టి, మొదటిసారి వచ్చినప్పుడు పక్కన అర్థం వేస్తే చాలు.